ఫియట్ పద్మిని ముందు అద్దానికి కొత్త రబ్బరు: నా అనుభవం

మా ఇంట్లో ఉన్న ప్రీమియర్ పద్మిని కారు 1980ల నాటిది. ఇటలీకి చెందిన ఫియట్ 1100 నమూనాను ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో తయారు చేస్తూ వచ్చి, 1970లలో దానికి పద్మిని అన్న పేరు పెట్టింది. ఆ తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా దాని 1089 సీసీ ఇంజనును విప్పి బిగించగల చేతులకు మా పాలకొల్లు, భీమవరం ప్రాంతంలో ఇప్పటికీ కొదువ లేదు. కార్బ్యురేటరు కిట్టు, బ్రేకు వాషర్లు, క్లచ్ ప్లేటు వంటివి కొంచెం తిరిగితే దొరుకుతాయి. ఇబ్బంది అంతా బాడీకి సంబంధించిన రబ్బరు సామానుతోనే వస్తుంది. అందులోనూ ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు పాడైతే ఆ సంగతి వెంటనే బయటపడదు. నీరు ఎక్కడో ఒకచోట లోపలికి దిగుతూ ఉంటుంది, రేకును మెల్లగా తినేస్తూ ఉంటుంది, మనం గమనించేసరికి పని ఒక్క రబ్బరుతో పోయేది కాకుండా పోతుంది. మొన్న వేసవిలో మా కారుకు ఆ రబ్బరు మార్పించాను. మేస్త్రీ గారి పక్కన నిలబడి నేనూ ఒక చెయ్యి వేశాను కాబట్టి పని లోతుపాతులు దగ్గరగా చూసే అవకాశం కలిగింది. పాత కార్లు ఉంచుకున్న మన ప్రాంతం వారికి అక్కరకు రావచ్చునని ఆ వివరాలు రాస్తున్నాను.

వానాకాలంలో ఎడమవైపు సీటు ముందు పరిచిన మ్యాటు కింద తడి చేరడం మా కారులో కొన్నేళ్ళుగా ఉన్నదే. ముసురు పట్టిన రోజుల్లో తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వచ్చేది. ఒకసారి బాడీ పని చేసే ఒక షాపులో చూపిస్తే, రబ్బరుకూ అద్దానికీ మధ్య బయటి నుంచి సిలికాన్ పూసి పంపించారు. ఆ సీజనుకు నీరు ఆగినట్టే కనిపించింది. మరుసటి ఏడు తడి మళ్ళీ వచ్చింది, ఈసారి ఎండ కాసిన తరువాత కూడా రెండు మూడు రోజుల వరకు ఆరేది కాదు. కారణం ఆలోచిస్తే తెలిసేదే. రబ్బరు మీది పగుళ్ళలోంచి నీరు వెళ్ళే దారి అలాగే ఉంది, వెళ్ళిన నీరు తిరిగి బయటికి కారే దారి మాత్రం సిలికాన్‌తో మూసుకుపోయింది. పైగా బజారులో దొరికే సిలికాన్‌లలో పులుపు వాసన వచ్చేవి ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తాయి. పెయింటు లేచిపోయి బయటపడిన ఇనుముకు అది తగిలితే తుప్పుకు మనమే ఎరువు వేసినట్టు.

ఈ కారులో అద్దాన్ని పట్టి ఉంచేది రబ్బరు ఒక్కటే. ఇప్పటి కార్లలో ముందు అద్దాన్ని యూరిథేన్ జిగురుతో నేరుగా రేకుకు అతికిస్తారు. పాత ఫియట్, అంబాసిడర్ వంటి వాటిలో జిగురు లేదు, మేకు లేదు, బోల్టు లేదు. రబ్బరును అడ్డంగా కోసి చూస్తే దాని రెండు పక్కలా రెండు లోతైన గాడులు కనిపిస్తాయి. ఒకదానిలో అద్దం అంచు కూర్చుంటుంది, రెండోదానిలో బాడీ కిటికీ చుట్టూ ఉండే రేకు అంచు కూర్చుంటుంది. ముఖం మీద ఇంకొక సన్నటి గాడి ఉండి, అందులో మెరుపు బీడింగు, అంటే అలంకారపు లోహపు పట్టీ, పడుతుంది. రబ్బరు మెత్తగా, సాగే గుణంతో ఉన్నంతకాలం దాని పెదవులు, అంటే గాడుల అంచులు, ఒకవైపు అద్దాన్ని, మరొకవైపు రేకును అదిమి పట్టుకుంటాయి. ఎండకూ గాలిలోని ఓజోనుకూ అది బిరుసెక్కి కుంచించుకుపోయినప్పుడు మొదట మూలల దగ్గర పట్టు వదులుతుంది. మా కారు రబ్బరు పై మూలల్లో గోరు దూరేంత సందు వచ్చింది, కింది భాగం గోటితో గీకితే నల్లటి పొడి రాలింది.

అయితే రబ్బరు పాతబడింది కదా అని నీరు అక్కడి నుంచే వస్తోందని అనుకోవడానికి లేదు. అద్దం కింద వైపర్ల ఇరుసులు బయటికి వచ్చే రంధ్రాలున్నాయి, ఇంజను వైపు నుంచి వైర్లు లోపలికి వచ్చే రంధ్రాలున్నాయి, తలుపు రబ్బర్లున్నాయి. మేస్త్రీ గారు చేయించిన పరీక్ష చాలా తేలికైనది, ఖర్చు లేనిది. కారు లోపల అద్దం చుట్టూ రబ్బరు అంచు కిందుగా, డాష్‌బోర్డు పై అంచు మీద, ముఖానికి రాసుకునే పౌడరును పలచగా చల్లాము. నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. ఆయన బయట గొట్టంతో నీళ్ళు వదిలారు. ముందు కింది అంచు మీద, తరువాత పక్కల మీద, చివరికి పై అంచు మీద. కింది నుంచి పైకి ఎందుకంటే, పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లకూ జారి ఏ సందులోంచి వచ్చిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. గొట్టాన్ని బలంగా చిమ్మించకుండా వాన పడ్డట్టు పారనిచ్చారు. కింది అంచు తడిసినప్పుడు లోపల ఏమీ లేదు. పక్కకు వచ్చేసరికి ఎడమ కింది మూలలో పౌడరు మీద సన్నటి గీత ఒకటి దిగింది, దాని వెనుక మరొకటి దిగింది. పై అంచు తడిపినప్పుడు అదే మూలలో నీరు చుక్కలుగా కాక ధారగా వచ్చింది. అంటే పై మూలలో దూరిన నీరు రబ్బరు గాడి లోపలే పక్క పొడవునా ప్రయాణించి కింది మూలలో బయటపడుతోంది. అంతకుముందు సిలికాన్ పూసినవారు నీరు కనిపించిన చోట పూశారే గాని, నీరు దూరిన చోట కాదు.

రబ్బరు కోసం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళాను. మన వైపు పాత కార్ల సామాను ఏది కావాలన్నా చివరికి అక్కడికే చేరాలి. వెళ్ళేముందు పాత రబ్బరు కింది భాగంలోంచి వేలెడంత ముక్కను బ్లేడుతో కోసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆ ఖాళీలో తాత్కాలికంగా టేపు అతికించాను. ఈ ముక్క తీసుకువెళ్ళడం చాలా మేలు చేసింది. ఎందుకంటే "ఫియట్ ముందు అద్దం రబ్బరు" అని అడిగితే కొట్టువారు చూపించినవన్నీ పైకి ఒకే రకంగా ఉన్నాయి, ముక్కను పక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకదానిలో అద్దం గాడి ఎక్కువ వెడల్పుగా ఉంది, మరొకదానిలో రేకు గాడి లోతు చాలలేదు, ఇంకొకదానికి బీడింగు గాడే లేదు. కొలత కుదిరిన రబ్బరును కూడా అక్కడే రెండు విధాలుగా పరీక్షించుకోవచ్చు. దానిని మడిచి గట్టిగా అదిమి, మడత వెలుపలి వంపు మీద చూడాలి. సన్నటి వెంట్రుక పగుళ్ళు కనిపిస్తే ఆ సరుకు కొట్టులో ఏళ్ళ తరబడి పడి ఉన్నదని అర్థం. గోటితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడుకోవాలి. పూడుకోకపోతే అందులో రబ్బరు కన్నా సుద్ద ఎక్కువ. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు అయితే ఎండకూ ఓజోనుకూ మామూలు రబ్బరు కన్నా చాలా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. ధర కొంచెం ఎక్కువైనా నేను అదే తీసుకున్నాను.

అక్కడ దొరికినది మూలలు అచ్చుపోసిన పూర్తి చుట్టు కాదు, మీటర్ల లెక్కన కోసి ఇచ్చే పొడవాటి రబ్బరు. దానిని అద్దం చుట్టూ తిప్పి రెండు కొనలను ఒకచోట కలపాలి. అందుకని అద్దం చుట్టుకొలత కన్నా బాగా ఎక్కువ పొడవు తెచ్చుకోవడం క్షేమం.

పనికి కాలం కూడా చూసుకోవాలి. మన డెల్టాలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలిలో తేమ ఉంటుంది. వరికి నీళ్ళు పారుతున్నంతకాలం చేలూ కాలువలూ చెరువులూ అన్నీ నిండి ఉంటాయి. పైగా మొగల్తూరు, నరసాపురం వైపు నుంచి ఉప్పుగాలి, చుట్టుపక్కల ఉప్పునీటి రొయ్యల చెరువులు. విప్పిన ఇనుప రేకును రాత్రంతా అలా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపిస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే వేసవి రోజులే ఈ పనికి తగినవి. రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. రబ్బరు మెత్తబడడానికీ పెయింటు ఆరడానికీ అంతకన్నా మంచి కాలం లేదు. మృగశిర వచ్చిందంటే వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేము కాబట్టి, ఆలోగా అద్దం తిరిగి ఎక్కాలని మొదటే అనుకున్నాము.

అద్దం తీయడం నేననుకున్నంత కష్టం కాలేదు. పాత రబ్బరును కాపాడుకోవలసిన అవసరం లేదు కాబట్టి, లోపలి పెదవిని చుట్టూ కత్తితో కోసేశారు. వైపర్లు, వెనుక దారి చూసుకునే లోపలి చిన్న అద్దం, సన్‌వైజర్లు ముందే విప్పారు. బానెట్ మీద పాత దుప్పటి పరిచి, బయట ఇద్దరు అద్దాన్ని అందుకోవడానికి నిలబడితే, లోపలి నుంచి పై మూలల దగ్గర అరచేతులతో మెల్లగా నెట్టారు. మధ్యలో నెట్టకూడదు, ఒకే చోట బలం పెట్టకూడదు. పై అంచు కదిలిన తరువాత మిగిలినదంతా దానంతట అదే వచ్చింది. సిలికాన్ పూసిన చోట మాత్రం అతుక్కుపోయి ఉంటే పలుచటి బ్లేడుతో విడదీయవలసి వచ్చింది. బీడింగు మెత్తటి అల్యూమినియం. ఒకసారి మడత పడితే ఆ మచ్చ పోదు. దానిని అద్దం కన్నా ముందే, ఒక కొన నుంచి కొద్దికొద్దిగా లేపి తీసి, ఎవరి కాలూ పడకుండా గోడకు తగిలించారు.

అద్దం గురించి ఒక మాట. ఆ కాలపు కార్లకు ముందు అద్దంగా ఎక్కువగా టఫెన్డ్ గాజు వచ్చేది. రాయి తగిలితే అది ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులుగా పగిలి ముందు దారి కనిపించకుండా చేస్తుంది. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దం పగిలినా రాలిపోదు, చాలావరకు చూపు ఆగదు. తరువాతి కాలంలో మోటారు వాహనాల నిబంధనల్లో సవరణ వచ్చి, కొత్త కార్లకు ముందు అద్దం లామినేటెడ్‌దే తప్పనిసరి అయింది. అద్దం కూడా మార్చే ఆలోచన ఉన్నవారు ఆ సంగతి రబ్బరు కొనక ముందే తేల్చుకోవాలి. రెండు రకాల మందం ఒకటే కానక్కరలేదు, గాడి వెడల్పు మందాన్ని బట్టి ఉంటుంది. కొత్త అద్దం మూలలో భద్రతా గాజుకు వర్తించే ఐఎస్ 2553 ప్రమాణం గుర్తు ఉన్నదో లేదో చూసుకోవాలి. మా అద్దం మీద వైపరు గీతలు కూడా పెద్దగా లేవు, అంచుల్లో ఎక్కడా పెచ్చు ఊడలేదు. అందుకని దానినే ఉంచాను. టఫెన్డ్ గాజుకు మధ్యలో ఎంత బలమో అంచులో అంత బలహీనత. అందువల్ల విప్పిన అద్దాన్ని నేల మీద నిలబెట్టకుండా, మడత మంచం మీద బొంత పరిచి పడుకోబెట్టాము.

అసలు పని అప్పుడు మొదలైంది. కిటికీ కింది అంచు మీద పాత రబ్బరు ముక్కలు, గట్టిపడిన మస్టిక్ (సందులు పూడ్చే జిగట ముద్ద), సిలికాన్, వాటి మధ్య ఏళ్ళ తరబడి చేరిన మట్టి గోకి తీస్తూ ఎడమ మూలకు వచ్చేసరికి, పెయింటు కింద రేకు పూతరేకుల్లా పొరలు పొరలుగా విడింది. పొరలన్నీ తీసేశాక స్క్రూడ్రైవరు మొనతో తట్టి చూశారు. గట్టి రేకు మీద టింగుమన్న చప్పుడు, ఆ మూలలో మాత్రం చప్పుడే లేదు. ఇంకొంచెం నొక్కగానే మొన అవతలికి దిగింది. బయటికి పెసరగింజంత కనిపించిన చిల్లు, తీగ బ్రష్షుతో తోమేసరికి బొటనవేలు పట్టేంత అయింది. కుడి మూలలో పైపైన తుప్పు తప్ప చిల్లు లేదు. పై అంచు శుభ్రంగా ఉంది.

"రబ్బరు మార్చమని అందరూ అడుగుతారండి, రేకు చూడమని ఎవరూ అడగరండి" అన్నారు మేస్త్రీ గారు. ఆయన మాటలో నిజం ఉంది. కొత్త రబ్బరు ఎంత మంచిదైనా దాని పెదవి ఆనవలసిన రేకు అంచు నునుపుగా, ఒకే మందంగా, చెక్కుచెదరకుండా ఉంటేనే నీరు ఆగుతుంది. చిల్లును లప్పంతోనో ఎపాక్సీ ముద్దతోనో పూడ్చి పైన పెయింటు వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ ముద్ద కారు ఊగిసలాటకు కొన్నాళ్ళలో రేకు నుంచి విడుతుంది, ఆ సందులో చేరిన నీరు కనపడకుండా లోపలే పని చేస్తుంది. నా అభిప్రాయంలో అలాంటి పూడిక వేయించడం కన్నా చిల్లును అలాగే వదిలేయడమే మేలు, కనీసం కంటికి కనిపిస్తూ ఉంటుంది.

కుళ్ళిన భాగాన్ని గట్టి రేకు వచ్చేవరకు కత్తిరించి, అదే మందం గల రేకు ముక్కను అంచు వంపుకు సరిగ్గా వంచి, వెల్డింగు చేయించాము. గ్యాసు వెల్డింగు వేడి ఎక్కువ వ్యాపించి పలుచటి రేకును వంకర తిప్పుతుంది కాబట్టి, సీఓటూ వెల్డింగు (కార్బన్ డయాక్సైడు వాయువు వాడి కరెంటుతో చేసే వెల్డింగు) ఉన్న వర్క్‌షాపుకే బండిని తోసుకుంటూ తీసుకువెళ్ళాము. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు విప్పారు. డాష్‌బోర్డు మీద, సీట్ల మీద తడి గోనెపట్టాలు కప్పారు. ఒక గీతగా లాగకుండా చుక్కలు చుక్కలుగా వేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేశారు. ఆ తరువాత గ్రైండరుతో అరగదీయడంలోనే నైపుణ్యం అంతా ఉంది. అతుకు దగ్గర రేకు ఏ కొంచెం మందంగా మిగిలినా రబ్బరు గాడి అక్కడ తెరుచుకుని పెదవి లేచిపోతుంది. మరీ అరగదీస్తే వేసిన అతుకే బలహీనపడుతుంది. మేస్త్రీ గారు కొత్త రబ్బరులోంచి కోసిన చిన్న ముక్కను చేతిలో పట్టుకుని, అంచు మీద ఎక్కించి అటూ ఇటూ జరుపుతూ, అది ఆగిన చోటల్లా గుర్తు పెట్టి మళ్ళీ అరగదీశారు. ఎలాంటి కొలబద్ద కన్నా ఆ ముక్కే నమ్మకమైన సాధనంగా తోచింది.

మిగిలిన తుప్పు మచ్చల మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టరు పూస్తే ఎర్రటి తుప్పు నల్లబడి ఇనుప ఫాస్ఫేటు పొరగా మారింది. దానిని డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, తుడిచి, ఎమరీ కాగితంతో రుద్ది, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు వేశారు. మామూలు రెడ్ ఆక్సైడు ప్రైమరు చాలునన్నవారూ ఉన్నారు. మన వాతావరణంలో దాని మీద నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే అది నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు. ప్రైమరు మీద కారు రంగు పలచగా రెండు చేతులు వేశారు. పెయింటరు గారు పొద్దున్నే వచ్చినా పది గంటలు దాటేవరకు రంగు చిమ్మే గన్ను పట్టలేదు. తేమ ఎక్కువగా ఉన్న వేళ లాకరు పెయింటు కొడితే, థిన్నరు వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద పేరుకుంటుంది, రంగు పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. లప్పం మాత్రం అంచు మీద ఎక్కడా పెట్టవద్దని నేను గట్టిగా చెప్పాను. రబ్బరు ఎక్కించేటప్పుడు పడే ఒత్తిడికి అది పెచ్చులుగా ఊడి కింద కొత్త దారి తెరుస్తుంది. పెయింటు గట్టిపడేవరకు కారును పాకలోనే ఉంచి, కిటికీ ఖాళీకి పాలిథిన్ పట్టా కట్టాము.

బిగించే రోజు ఉదయం రబ్బరును మేడ మీద ఎండలో పరిచాము. గంట తిరిగేసరికి అది చేతికి మెత్తగా, చెప్పిన మాట వినేటట్టుగా తయారైంది. మంచం మీద పడుకోబెట్టిన అద్దం చుట్టూ దానిని ఎక్కించడం మొదటి మెట్టు. అతుకు ఎక్కడ రావాలన్న దాని మీద మాకు చిన్న చర్చ జరిగింది. కింది అంచు మధ్యలో వస్తే కంటికి కనిపించదని మేస్త్రీ గారు అన్నారు. నీరు నిలిచేది కింది అంచులోనే కాబట్టి పై అంచు మధ్యలో పెట్టమని నేను కోరాను. "సరేనండి, బండి తమరిది" అని నవ్వి ఒప్పుకున్నారు. కొనలు కలిపేటప్పుడు రబ్బరును అద్దం చుట్టుకొలతకు సరిగ్గా కోయకుండా, దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ ఉంచి, రెండు కొనలూ ఒకదాన్నొకటి నెట్టుకునేటట్టు అమర్చారు. రబ్బరు కాలక్రమాన కుంచించుకుపోయే వస్తువు. లాగి కలిపితే ఏడాది తిరగకుండా అతుకు నోరు తెరుస్తుంది. కోత నిటారుగా రావడానికి కొత్త బ్లేడును నీటిలో తడిపి కోశారు. క్షణాల్లో పట్టే సయనోయాక్రిలేట్ జిగురుతో రెండు ముఖాలూ కలిపి పట్టుకున్నారు. బీడింగును కూడా అప్పుడే, రబ్బరు ఇంకా వదులుగా ఉండగానే, దాని గాడిలో కూర్చోబెట్టారు. అద్దం కారుకు ఎక్కిన తరువాత రబ్బరు బిగిసిపోయి ఆ గాడి తెరుచుకోదట. మూలల్లో రబ్బరు జారిపోకుండా అక్కడక్కడ మాస్కింగ్ టేపు చుట్టారు.

తరువాత తాడు. రేకు అంచు కూర్చోవలసిన గాడిలో చుట్టూ తాడు పెట్టి, దానిని లోపలి నుంచి లాగుతూ రబ్బరు పెదవిని రేకు మీదకు ఎక్కించడం ఈ పని కిటుకు. కోనసీమలో, మా వైపు ఎక్కడ చూసినా కొబ్బరి తాడే కనిపిస్తుంది. దాని పీచు రబ్బరును కోరేస్తుంది కాబట్టి ఇది దాని పని కాదు. వలల సామాను అమ్మే కొట్టులో నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న నున్నటి నైలాన్ తాడు, అద్దం చుట్టుకొలతకు మరో మీటరున్నర కలిపి తెచ్చుకున్నాము. గాడి లోపలికి తాడును వేలితో దూర్చడం విసుగు పుట్టించే పని. మేస్త్రీ గారు పాత బాల్‌పెన్ను లోపలి రీఫిల్లు తీసేసి, ఖాళీ గొట్టంలోంచి తాడు దూర్చి, ఆ గొట్టం మొనను గాడిలో పెట్టి కలం నడిపినట్టు చుట్టూ నడిపించారు. తాడు దాని వెనకే గాడి అడుక్కు వెళ్ళి కూర్చుంది. రెండు కొనలూ కింది అంచు మధ్యలో ఒకదానినొకటి జానెడు దాటేటట్టు ఉంచి, కొనలు లోపలివైపుకు వేలాడేలా టేపు వేశారు.

జారుడు కోసం వాడే ద్రవం గురించి కూడా చెప్పాలి. గ్రీజు, ఇంజనాయిలు, కిరసనాయిలు వంటివి కొందరు పూస్తారు. ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం నూనెలు శత్రువులు, తగిలితే అది ఉబ్బి పట్టు కోల్పోతుంది. గిన్నెలు తోమే ద్రవాల్లో చిక్కదనం కోసం ఉప్పు కలిపేవి ఉంటాయి. అంత కష్టపడి తుప్పు వదిలించిన అంచు మీద మళ్ళీ ఉప్పునీళ్ళు పోయడం తెలివైన పని కాదు. పిల్లల షాంపూ కొద్దిగా కలిపిన నీళ్ళలో మందుల కొట్టు గ్లిజరిన్ కొంచెం చేర్చి, కుంచెతో గాడికీ రేకు అంచుకూ పూశాము.

ఇద్దరు అద్దాన్ని ఎత్తి బయటి నుంచి కిటికీలో నిలబెట్టి, కింది అంచు ముందుగా రేకు మీద ఆనేటట్టు సర్దారు. నేను బయట ఒక పక్క పట్టుకున్నాను. మేస్త్రీ గారు లోపల సీటులో కూర్చుని తాడు ఒక కొనను అందుకున్నారు. తాడును తన వైపుకు లాగలేదు, అద్దం మధ్యభాగం దిశగా, అద్దానికి దాదాపు సమాంతరంగా లాగారు. తాడు గాడిలోంచి బయటికి వస్తూ వస్తూ రబ్బరు లోపలి పెదవిని ఎత్తి, రేకు అంచును దాటించి, అవతల పడవేసింది. టప్పుమన్న చిన్న చప్పుడు వినిపించింది. ఆయన ఎక్కడ లాగుతుంటే సరిగ్గా అక్కడ బయటి నుంచి మేము అరచేతితో అంచు మీద తట్టాలి. తట్టడం ఆలస్యమైతే తాడు పెదవిని దాటించకుండానే బయటికి వచ్చేస్తుంది, లేదా మరీ గట్టిగా లాగితే పెదవిని కోసేస్తుంది. ఒక పక్క కొన్ని అంగుళాలు, తరువాత రెండో కొన పట్టుకుని అటు కొన్ని అంగుళాలు, ఇలా కింది అంచంతా ముగిసింది. మూలల్లో పని మందగించింది. ఎడమ కింది మూలలో, కొత్త రేకు వేసిన చోటే, పెదవి సగం లోపల, సగం బయట మడత పడింది. స్క్రూడ్రైవరుతో లేపవచ్చు గాని అది అద్దం అంచుకు తగిలితే అద్దం అక్కడికక్కడే పొడి అవుతుంది. నున్నగా చెక్కి సబ్బు నీళ్ళలో నానబెట్టిన వెదురు బద్దతో పెదవిని ఎత్తి పట్టి, తాడును వేలి వెడల్పు చొప్పున లాగారు. మడత విప్పుకుని రబ్బరు తన చోటికి వచ్చింది. పక్కలు తేలికగానే వెళ్ళాయి. పై అంచు దగ్గర అద్దం పూర్తిగా దిగిందో లేదో తెలియక కొంచెం ఆగి, బయట బీడింగు గీత రెండు వైపులా పైకప్పుతో సమంగా ఉన్నదని చూసుకున్న తరువాతే మిగిలిన తాడు లాగారు. తాడు చివరి భాగం పై అంచు మధ్యలోంచి ఊడి చేతిలోకి వచ్చేసరికి రబ్బరు ఎక్కడా ఉబ్బి లేదు.

చుట్టూ మంచినీళ్ళు పోసి సబ్బునంతా కడిగి, బాగా ఆరిన తరువాత, ఎప్పటికీ గట్టిపడని మస్టిక్‌ను గన్ను మొనతో రబ్బరు బయటి పెదవి కిందికి సన్నగా ఎక్కించాము, ముందు అద్దం వైపు, తరువాత రేకు వైపు. గట్టిపడని రకమే ఎందుకంటే, ఈ కారు బాడీ గతుకుల రోడ్డు మీద స్వల్పంగా మెలి తిరుగుతూనే ఉంటుంది, ఆ కదలికకు గట్టిపడిన పూత పగులుతుంది. బయటికి పొంగినదానిని చెక్క ముక్కతో తీసి, గుడ్డతో తుడిచారు.

మర్నాడు మళ్ళీ పౌడరు చల్లి, గొట్టం పట్టాము. రబ్బరు చుట్టూ ఎక్కడా గీత పడలేదు. కాని డాష్‌బోర్డు కిందుగా, ఎడమ వైపరు ఇరుసు దగ్గర నుంచి ఒక చుక్క వైరు మీదుగా జారి వచ్చింది. మొదటి పరీక్షలో పెద్ద ధార ముందు ఈ చుక్క మాకు కనిపించే అవకాశం లేకపోయింది. ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వాషరు రాయిలా గట్టిపడి మధ్యకు చీలిపోయి ఉంది. పనిలో పనిగా రెండు ఇరుసుల వాషర్లూ మార్చారు, వాటి కింద కూడా కొంచెం మస్టిక్ పెట్టారు. మ్యాటు, దాని కింది ఫెల్టు తీసి ఎండలో వేసి, నేల రేకు మీద కనిపించిన పైపై తుప్పుకు కూడా అదే ప్రైమరు పూయించాను.

మృగశిర వానలు రెండు మూడు గట్టిగా పడ్డాయి, లోపల పొడిగానే ఉంది. వెనుక అద్దం రబ్బరు కూడా ఇదే వయసుది. దాని కింది అంచు గీకి చూస్తే అక్కడా నల్లటి పొడి రాలుతోంది, డిక్కీలో మాత్రం ఇంకా తడి లేదు. దాని ముక్కనొకటి కోసి ఆటోనగర్ కొట్టులో ఇచ్చి వచ్చాను. రబ్బరు వచ్చినా ఈ వానల్లో అద్దం విప్పేది లేదు, కాలువలు మళ్ళీ కట్టేసిన తరువాతే ఆ పని.